యాడ్స్ సంగతి తర్వాత, జనవరికి ఆవకాయ ఎక్కడ్నుంచి తెస్తారు?

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. తెనాలిలో మీరూ మీ వదినగారూ కలిసి పచ్చళ్ళు, పొడులు చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతున్నారు, నెలకి 4 లక్షల దాకా వస్తోంది, అరకిలో జాడీ 350, అమ్మేదాంట్లో సగం ఆవకాయే, గోడౌన్‌లో ఇంకా 900 కిలోల ఆవకాయ ఉంది. డాలస్‌లో ఉన్న మీ బావగారు 25 లక్షలు పెడతానన్నారు. దాంతో నెలకి లక్షన్నర యాడ్స్, హైదరాబాద్‌లో పది నిమిషాల డెలివరీ యాప్‌లో లిస్టింగ్, ఊరి బయట షెడ్డు, ఇంకో ఆరుగురు పనివాళ్ళు, కొత్త లోగో. ఆరు నెలల్లో అమ్మకం నాలుగింతలు చేయాలి, దేంతో మొదలుపెట్టాలి అని అడిగారు. చాలా ఏళ్ళుగా తిండి బ్రాండ్ల దగ్గర సరుకు, ప్యాకింగ్, డెలివరీ చూసే పని నాది, మార్కెటింగ్ నాది కాదు, కాబట్టి నా సమాధానం ఆ వైపు నుంచే వస్తుంది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు మీరిచ్చిన అంకెలతోనే చిన్న లెక్క. 4 లక్షలంటే 350 చొప్పున దగ్గర దగ్గర 1,140 జాడీలు. అందులో సగం ఆవకాయ, అంటే 570 జాడీలు, నెలకి 285 కిలోలు. మీ దగ్గరున్నది 900. మూడు నెలలకి కాస్త పైన వస్తుంది అంతే. ఇప్పుడు అక్టోబరు మొదట్లో ఉన్నాం, అంటే యాడ్స్ మీద ఒక్క రూపాయి పెట్టకపోయినా సంక్రాంతికి అటూ ఇటూగా మీ ఆవకాయ అయిపోతుంది, మళ్ళీ పచ్చడికాయ దిగేది ఏప్రిల్ ఆఖర్లో, మేలో. మధ్యలో నాలుగు నెలలు మీ అమ్మకంలో సగం ఖాళీ. పోయిన మేలో పచ్చడి పెట్టినప్పుడు మీకు నెలకి ఇంత అమ్మకం లేదు కాబట్టి అప్పటి లెక్కకి అది సరిపోయి ఉంటుంది, తప్పేం లేదు, కానీ ఇప్పుడు లక్షన్నర యాడ్స్ పెట్టి అమ్మకం రెట్టింపైందే అనుకోండి, నవంబరు మధ్యకల్లా గోడౌన్ ఖాళీ. వంటింట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకోకుండా ఊరందరికీ పిలుపులు పంపినట్టుంటుంది.

అప్పుడు అందరూ చేసేది ఒకటే. విజయవాడలోనో గుంటూరులోనో టోకున పచ్చడి పెట్టేవాళ్ళ దగ్గర డ్రమ్ముల్లో తెచ్చి, పైన కొంచెం ఇంగువ నూనె పోసి, మన జాడీలో మన స్టిక్కరేసి పంపడం. నేను చూసినంతలో పచ్చళ్ళ బ్రాండ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, యాడ్స్ సరిగ్గా చేయక కాదు. ఎందుకంటే మీ దగ్గర కొనేవాళ్ళు మీ వదినగారి చేతి రుచికి కొంటున్నారు, నాలుగోసారి తెప్పించుకున్న జాడీలో ముక్క మెత్తగా ఉండి, నువ్వుల నూనె బదులు ఇంకేదో వాసనొస్తే వాళ్ళు మీకు కంప్లైంట్ కూడా పెట్టరు, ఊరికే మానేస్తారు. అలా మానేసినవాళ్ళ లెక్క మీకెక్కడా కనపడదు, కొత్తవాళ్ళు యాడ్స్‌లో వస్తూనే ఉంటారు కాబట్టి నెలాఖరు మొత్తం పెరిగినట్టే కనిపిస్తుంది.

అందుకే ఆవకాయ వ్యాపారంలో పెరగాలా వద్దా అనే నిర్ణయం అక్టోబరులో యాడ్ మేనేజర్ స్క్రీన్ ముందు కూర్చుని తీసుకునేది కాదు, మే నెలలో కాయలు కొనేటప్పుడు తీసుకునేది. ఇంట్లో కొలతలో కిలో ముక్కకి కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ కలిపి రెండు కిలోల దాకా పచ్చడి వస్తుంది కదా. ఇప్పుడున్న అమ్మకానికే ఏడాదికి 3,400 కిలోల ఆవకాయ కావాలి, అంటే 1,700 కిలోల ముక్క, జీడి తీసి తుడిచి ఆరబెట్టిన ముక్క. రెట్టింపు కావాలంటే 3,400 కిలోల ముక్క. అది ఏ రకం కాయ, చిన్నరసమా, జలాలా, తెల్లగులాబీయా, నూజివీడు తోట దగ్గర ముందే మాట్లాడుకుంటారా లేక మార్కెట్లో ఏ రోజుకారోజు కొంటారా, కాయ కొట్టేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు, ఒక వాన పడితే ఆ రోజు కోసిన కాయ ఏం చేస్తారు, ఇదంతా మూడు నాలుగు వారాల్లో అయిపోవాలి. దీనికి తోడు కారం. గుంటూరు యార్డులో మిర్చి రేటు ఎలా ఊగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, క్వింటా 20 వేలు దాటి అమ్మిన మిర్చి 2025 ఫిబ్రవరికి ఎంత పడిపోయిందంటే కేంద్రం 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. రైతుకి అది కష్టకాలం, కానీ కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఏడాది కారానికి కావాల్సిన మిర్చి ఫిబ్రవరి, మార్చిలో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నవాళ్ళకీ, నెలనెలా కిరాణా రేటుకి కారం కొన్నవాళ్ళకీ జాడీ మీద మిగిలేది ఒకలా ఉండదు. మీ బావగారి డబ్బుకి అసలు పని ఇక్కడుంది. జాడీకి సరుకు ఖర్చు 110 అని రాశారు కదా, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలకి రెట్టింపు అమ్మాలంటే అదనంగా 1,710 కిలోలు, 3,420 జాడీలు, సరుకుకే 3 లక్షల 76 వేలు ముందు మేలోనే ఇరుక్కుపోతాయి, అవి తిరిగొచ్చేది ఆ చలికాలంలో.

సరే, సరుకుందనే అనుకుందాం. ఇప్పుడు ఒక ఆర్డరులో ఏం మిగులుతుందో చూడండి. 350 జాడీలో జీఎస్టీ తీస్తే 333 (పచ్చళ్ళ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయింది, మీరు ఇంకా పాత బిల్లింగే వాడుతున్నట్టున్నారు, మార్పించండి). సరుకు 110, జాడీ సీలు స్టిక్కర్ అట్టపెట్టె 38, కూలి 25, కొరియర్ 75, పేమెంట్ గేట్‌వే 8, పగిలినవీ కారినవీ మళ్ళీ పంపినందుకు సగటున 10. మొత్తం 266, మిగిలేది 67. ఇన్‌స్టాలో మీరు నెల రోజులు టెస్ట్ చేస్తే ఆర్డరుకి 180 పడిందన్నారు. అంటే యాడ్ చూసి ఒక్క జాడీ కొన్న ప్రతి కొత్త మనిషి దగ్గరా మీరు 113 పోగొట్టుకుంటున్నారు, ఆ మనిషి మళ్ళీ యాడ్ లేకుండా ఇంకో రెండుసార్లు కొంటే అప్పుడు 21 రూపాయలు మిగులుతాయి. ఇందులో మీ ఇద్దరి జీతం లేదు, చూసుకోండి.

అదే మూడు జాడీల కాంబో, 1,050 పెట్టారనుకోండి. జీఎస్టీ పోను 1,000. సరుకు 330, మూడు జాడీలూ పెద్ద పెట్టే కలిపి 92, కూలి 75, కొరియర్ 120, గేట్‌వే 25, నష్టం 20. మిగిలేది 338, యాడ్ 180 తీసేసినా 158 చేతిలో ఉంటుంది. ఒకే యాడ్, ఒకే పచ్చడి. కొరియర్ వాడు తూకం లేదా సైజు, ఏది ఎక్కువైతే దానికి చార్జ్ చేస్తాడు, పెట్టె పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే కిలోల లెక్క అది. మీ ఫోటోలో ఉన్న పెట్టె చూస్తే ఒక్క జాడీకి 20, 15, 15 ఉన్నట్టుంది, అంటే 0.9 కిలో, అరకిలో పచ్చడికి మీరు కిలో రేటు కడుతున్నారు, అందులో సగం గాలి. కాబట్టి యాడ్స్ కంటే ముందు చేయాల్సిన పని కాంబోలు, కొత్త పెట్టె. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం కొత్తవాళ్ళకి తీసేయండి, లేదంటే వంద రూపాయలైనా ముందు కట్టించుకోండి, ఆర్టీఓలో, అంటే కస్టమర్ తీసుకోక వెనక్కొచ్చిన పార్సిల్‌కి రానూ పోనూ చార్జీ మీదే, పైగా రెండు వారాలు లారీల్లో ఎండలో తిరిగొచ్చిన పచ్చడిని మళ్ళీ ఇంకొకరికి పంపడానికి మీకు మనసొప్పదు.

ఇక మళ్ళీ కొనేవాళ్ళ సంగతి. ఆర్డర్లన్నీ నోట్‌బుక్‌లో ఉన్నాయన్నారు. ఈ వారం ఇంకేం పని పెట్టుకోకండి, ఎవరైనా డిగ్రీ చదివే పిల్లని కూర్చోబెట్టి అవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించండి, ఫోన్ నంబరు, తారీఖు, ఏం కొన్నారు, ఎంత, ఏ ఊరు. తర్వాత జూన్‌లో మొదటిసారి కొన్నవాళ్ళని మాత్రమే పక్కకి తీసి, వాళ్ళలో సెప్టెంబరు ఆఖరికి మళ్ళీ కొన్నవాళ్ళు ఎంతమందో చూడండి. నలుగురున్న ఇంట్లో అరకిలో ఆవకాయ నెలన్నర మించి రాదు, మూడు నెలల్లో మళ్ళీ అడగలేదంటే కారణం ఉంటుంది. చుట్టాలు, స్నేహితులు, మీ వీధివాళ్ళని ఈ లెక్కలోంచి తీసేయండి, వాళ్ళు మొహమాటానికైనా కొంటారు. నా అంచనాలో కొత్తవాళ్ళు వందమందిలో పాతికమంది కూడా రెండోసారి రాకపోతే యాడ్స్ జోలికి పోవద్దు. నలభై దాటితే మాత్రం మీ చేతిలో ఉన్నది మంచి వ్యాపారం, అప్పుడు మాట వేరు. రానివాళ్ళలో ఒక ఇరవై మందికి ఫోన్ చేయండి, మెసేజ్ కాదు ఫోన్, "పచ్చడి ఎలా ఉందండీ" అని కాకుండా "ఇంకా ఉందా, అయిపోయిందా" అని అడగండి. ఎలా ఉందంటే బాగుందనే అంటారు. ఇంకా ఉంది అన్నారంటే తినలేదని అర్థం, ఎందుకు తినలేదో అక్కడ్నుంచి వాళ్ళే చెప్తారు.

మీరు ఒక మాట రాశారు, "కొలతలన్నీ మా వదిన చేతిలోనే ఉంటాయి" అని. గర్వంగా రాశారు, ఉండాల్సిందే, కానీ నాకు భయమేసిందీ అక్కడే. ఆవిడకి రెండు వారాలు జ్వరమొస్తే? సోలతో, గిద్దెతో కొలిచేది ఒక జాడీకి బాగానే ఉంటుంది, వంద కిలోల ముక్క ముందు పెట్టుకున్నప్పుడు సోల తలకొట్టి పోశారా, గోపురంగా పోశారా అనే తేడాకే ఉప్పు కిలోల్లో మారిపోతుంది. కల్లుప్పు దంచింది ఒక సోలకి ఒక బరువు, ప్యాకెట్ మెత్తటి ఉప్పు ఇంకో బరువు. ఆవిడని మామూలుగానే కలపమనండి, మీరు పక్కన డిజిటల్ కాటా పెట్టుకుని ఆవిడ ప్రతిసారీ వేసేముందు తూచి రాసుకోండి, నాలుగైదు బ్యాచ్‌లు అలా రాశాక సగటు తెలుస్తుంది, ఆవిడ చేయి ఎక్కడ తగ్గిస్తుందో ఎక్కడ పెంచుతుందో కూడా తెలుస్తుంది, కాయ పులుపుని బట్టి ఉప్పు మారుస్తారు చూడండి, అది కూడా రాయాలి. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె ఎంత పైకి తేలిందో ఫోటో తీయండి. ప్రతి బ్యాచ్‌కి ఒక నంబరు, ప్రతి బ్యాచ్ నుంచి రెండు జాడీలు అమ్మకుండా అల్మరాలో. ఎవరైనా ఫిబ్రవరిలో ఫోన్ చేసి బూజొచ్చింది అంటే మీరు అదే బ్యాచ్ జాడీ తీసి చూడగలగాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లని పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌లో ప్రతి రకానికీ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) టెస్ట్ చేయించండి, పీహెచ్ 4.6 కంటే కింద ఉందని కాగితం మీద చూసుకోవాలి, ఆవకాయకి మామూలుగా ఇబ్బంది ఉండదు, చికెన్, రొయ్యల పచ్చళ్ళు మొదలుపెడదామని ఉంటే మాత్రం ఈ టెస్ట్ లేకుండా ఒక్క జాడీ కూడా బయటికి పంపొద్దు.

నూనె కారడం గురించి ఎక్కువ చెప్పను, ఇండక్షన్ సీలింగ్ మెషిన్ (మూత కింద రేకు పొరని జాడీకి అతికించేది) కొనండి, చిన్నది చాలు. సీలు వేసిన జాడీని ఒక రాత్రంతా తలకిందులుగా కాగితం మీద ఉంచి చూసి పంపండి.

పది నిమిషాల డెలివరీ యాప్ ఇప్పుడొద్దు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ పద్ధతికి మీరింకా సిద్ధంగా లేరు. పీఓ (వాళ్ళ కొనుగోలు ఆర్డరు) వస్తే సరుకు పూర్తిగా ఇవ్వాలి, సగమిస్తే ఫిల్ రేట్ (అడిగినదాంట్లో ఎంత ఇచ్చారనే లెక్క) పడిపోతుంది, డబ్బులు నెలకో నెలన్నరకో వస్తాయి, అమ్ముడుపోనిది వెనక్కొస్తుంది, కమిషన్ కాక యాప్‌లో పైన కనపడ్డానికి మళ్ళీ యాడ్ డబ్బులు. జనవరికి ఆవకాయ లేని కంపెనీకి ఫిల్ రేట్ ఎక్కడిది? ఆ యాప్‌ల ముందు తరంలోనే ఒకళ్ళ కథ ఉంది, గుర్గావ్‌లో 2014లో మొదలైన పెప్పర్‌ట్యాప్. కిరాణా షాపుల నుంచే సరుకు తెచ్చి ఇచ్చేవాళ్ళు, ఏడాది తిరిగేలోపు ఊరి మీద ఊరు తెరిచారు, షాపుల్ని అంత వేగంగా యాప్‌లో ఎక్కించేసరికి షాపులో ఉన్నది యాప్‌లో లేదు, యాప్‌లో ఉన్న రేటు షాపులో లేదు, పైగా ప్రతి ఆర్డరుకీ డిస్కౌంట్ నష్టం. 2016 ఏప్రిల్‌లో మూసేశారు. ఇన్వెస్టర్ల డబ్బు లేక కాదు, కోట్లు వచ్చాయి. ఇంకోవైపు ఐడీ ఫ్రెష్ వాళ్ళని చూడండి, 2005లో బెంగళూరులో 50 చదరపు అడుగుల గదిలో ఇడ్లీ దోశ పిండితో మొదలుపెట్టి ముందు చుట్టుపక్కల 20 షాపులకే ఇచ్చారు. మీకూ అదే చెప్తాను, హైదరాబాద్ యాప్ కంటే ముందు తెనాలి, గుంటూరు, విజయవాడల్లో పది మంచి షాపులు పట్టుకుని, ప్రతి సోమవారం మీరే వెళ్ళి అరలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోండి. కొరియర్ ఖర్చుండదు, షాపువాడి మార్జిన్ ఉంటుంది, ఎవరు ఏ జాడీ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేస్తున్నారో కళ్ళారా కనిపిస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. బెంగళూరుకి, అంటే వేరే రాష్ట్రానికి పంపుతున్నారు కాబట్టి టర్నోవర్ ఎంతైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఉందన్నారు, సరే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకు అమ్మడానికి కావాల్సిన అనుమతి) ఇంటి అడ్రస్ మీద తీసుకున్నారు, అది ఆ అడ్రస్‌కే, షెడ్డుకి మారితే దానికి వేరే తీసుకోవాలి, మీ టర్నోవర్‌కి రిజిస్ట్రేషన్ చాలుతుందా లైసెన్స్ కావాలా అని వాళ్ళ ఫోస్కోస్ సైట్‌లో ఇప్పుడే చూసుకోండి. ట్రేడ్‌మార్క్ మాత్రం యాడ్స్ కంటే ముందే వేయాలి, ఒక్కో క్లాసుకి ఆన్‌లైన్‌లో 4,500, పచ్చళ్ళు 29వ క్లాసు, పొడులు 30, రెండూ వేయండి. మీ బ్రాండ్ పేరు ఇంకెవరో రిజిస్టర్ చేసుకుంటే యాడ్స్ డబ్బంతా వాళ్ళకి చేసిపెట్టినట్టే. అమెరికాకి మీ బావగారి ద్వారా అమ్మొచ్చు కదా అని కూడా రాశారు, 800 డాలర్ల లోపు పార్సిల్‌కి అక్కడ సుంకం లేదనే వెసులుబాటు 2025 ఆగస్టు 29న పోయింది, పైగా వ్యాపారంగా పంపితే ఎఫ్‌డీఏ (అక్కడి తిండి, మందుల శాఖ) రిజిస్ట్రేషన్, ముందస్తు నోటీసు ఉంటాయి. ఈ ఏడాదికి ఆ ఆలోచన పక్కన పెట్టండి.

బావగారి 25 లక్షలు అప్పా, వాటానా? మీ పోస్టులో ఎక్కడా లేదు, బహుశా ఇంట్లో కూడా ఎవరూ అడిగుండరు, బావగారిని ఎలా అడుగుతాం అని. అడగండి. వాటా అయితే ఎంత, మీ వదినా మరదళ్ళ మధ్య ఎంతెంత, రేపు మీలో ఒకరు మానేస్తే కొలతలు రాసుకున్న ఆ కాగితం ఎవరిది, నెలకి మీ ఇద్దరూ జీతం ఎంత తీసుకుంటారు, ఇవన్నీ రాసుకోవాలి. ఎన్‌ఆర్‌ఐ డబ్బు కాబట్టి ఏ ఖాతాలోంచి వచ్చి ఏ రూపంలో దిగాలో ఫెమా (విదేశీ మారకం చట్టం) రూల్స్ ఉంటాయి, సీఏని అడక్కుండా మీ సేవింగ్స్ ఖాతాలో వేయించుకోకండి. ఇంకొకటి, 25 లక్షలూ ఒకేసారి తీసుకోకండి. ఇప్పుడు 4 లక్షలు చాలు, సీలింగ్ మెషిన్, కాటా, ల్యాబ్ టెస్టులు, కొత్త పెట్టెలు, ట్రేడ్‌మార్క్, ఫిబ్రవరిలో మిర్చి. మే ముందు ఇంకో విడత కాయకి, నూనెకి. మిగతాది వచ్చే అక్టోబరులో అంకెలు చూపించి అడగొచ్చు. షెడ్డు, యంత్రాలకైతే పీఎంఎఫ్ఎంఈ (చిన్న తిండి తయారీ యూనిట్లకి కేంద్రం పెట్టిన) పథకంలో 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా, బ్యాంకు లోనుతో ముడిపడి ఉండేది, అది ఇంకా ఉందో లేదో కనుక్కున్నాకే షెడ్డు మాట.

ఆరుగురు పనివాళ్ళని ఇప్పుడే పెట్టుకోవద్దు, ఒక్క మనిషి చాలు. అది కూడా పచ్చడి కలిపే మనిషి కాదు, వాట్సాప్ చూసే మనిషి. రాత్రి పదకొండింటికి పిల్లల్ని పడుకోబెట్టి మీరే మెసేజ్‌లకి జవాబిస్తున్నానన్నారు, అలసటలో కస్టమర్‌కి పెట్టిన ఒక్క వాయిస్ మెసేజ్ ఏం చేస్తుందో 2025లో ఒక పచ్చళ్ళ బ్రాండ్ విషయంలో మనందరం చూశాం, పేరు నేనెత్తను. రేటెక్కువ అన్నవాళ్ళకి, జాడీ పగిలింది అన్నవాళ్ళకి, ఆలస్యమైంది అన్నవాళ్ళకి ఏం చెప్పాలో ఒక పేజీ రాసి ఆ అమ్మాయికివ్వండి. పగిలితే ఫోటో అడిగి వెంటనే ఇంకోటి పంపడం, వాదన లేదు.

మరి ఈ ఆరు నెలలూ అమ్మకం పెరగక్కర్లేదా అంటే, పెరగొచ్చు, ఆవకాయతో కాదు. గోంగూర ఏడాది పొడుగునా దొరుకుతుంది, ఉసిరి కార్తీకం నుంచి మొదలు, జనవరి ఫిబ్రవరిల్లో పండుమిర్చి. కందిపొడి, కరివేపాకు పొడికి నూనె కారే బాధ లేదు, జాడీ అక్కర్లేదు, పౌచ్‌లో తేలిగ్గా పోతాయి. ఉన్న 900 కిలోల ఆవకాయని విడిగా అమ్మడం ఇవాళే ఆపేసి, పాత కస్టమర్లకి మాత్రం విడిగా, కొత్తవాళ్ళకి గోంగూర, కందిపొడితో కాంబోలోనే ఇవ్వండి, ఏప్రిల్ దాకా లాగొచ్చు. కావాలంటే నెలకి 15 వేలకి మించకుండా ఆ కాంబోకే యాడ్ పెట్టి ఆర్డరుకి ఎంత పడుతుందో చూస్తూ ఉండండి. లక్షన్నర కాదు.

లోగో బాగానే ఉంది, మార్చకండి. కానీ మీరు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూస్తే స్టిక్కర్ మీద తయారీ నెల లేదు, గ్రాముకి ఎంత పడుతుందో లేదు, కంప్లైంట్‌కి ఫోన్ నంబరు లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరులో చివరి రెండూ మూత మడతలోకి పోయాయి. లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) వాళ్ళు షాపు అరలో ఇది చూస్తే కేసు రాసేది మీ మీద. కొత్త స్టిక్కర్లు ప్రింట్‌కిచ్చేముందు ఆ పీడీఎఫ్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.